ఎనర్జీ ఆడియో వింటే నడిచినట్టేనా? వాకింగ్ మానేసి దీన్నే నమ్ముకోవచ్చా, తెలిసినవాళ్లు చెప్పండి

జీటీరోడ్డు_కొట్టు | శ్రీకాకుళం

నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ అవుతోంది, మొహమాటం లేకుండా చెప్పండి.

నాకు 46 ఏళ్లు, జీటీ రోడ్డులో బట్టల కొట్టు. పొద్దున్న తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తితే రాత్రి పదికి దించుతాను, మధ్యాహ్నం భోజనానికి తప్ప గద్దె దిగను, సరుకు తియ్యడానికీ మడత పెట్టడానికీ కుర్రాళ్లున్నారు. బరువు 84 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. సంక్రాంతి బేరాలు అయ్యాక పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు సగటు, 6.3, బీపీ 138/88 వచ్చాయి. మందులు ఇప్పుడే వద్దు, వారానికి ఐదు రోజులు నలభై నిమిషాలు చెమట పట్టేలా నడవండి, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరుగారు. నెల రోజులు నడిచాను. ఆ తర్వాత కుడి మోకాలు పట్టేసింది, దానికి తోడు తెల్లవారుజామున వీధి కుక్కలు, పన్నెండింటికి పడుకుని ఐదింటికి లేవలేకపోవడం, మొత్తానికి మానేశాను.

అప్పుడు మా తోడల్లుడు ఒక లింకు పంపించాడు. ఎనర్జీ ప్రోగ్రామ్డ్ ఆడియో అంటారట. పరుగెత్తేటప్పుడు ఒంట్లో పుట్టే శక్తిని ఆడియో ఫైల్లో ప్రోగ్రామ్ చేసి పెట్టారట, పడుకుని పదిహేను నిమిషాలు వింటే ఐదు కిలోమీటర్లు పరుగెత్తినట్టేనట, సౌండు పూర్తిగా తగ్గించేసినా పనిచేస్తుందట. 1,999 రూపాయలు కట్టి కొన్నాను. వినడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, వాన చప్పుడు, దాని కింద తంబురా శ్రుతిలాగా ఒకటే గుయ్‌మని మోత.

గుడ్డిగా ఏమీ నమ్మలేదు, చేతికి వాచీ పెట్టుకుని చూశాను. మామూలుగా కూర్చుంటే 78 ఉండే గుండె వేగం ఆడియో పెట్టిన ఐదారు నిమిషాలకి 90 దాటుతుంది, ఒకరోజు 94 చూపించింది. అరచేతులు వెచ్చబడతాయి, మెడ వెనక సన్నగా చెమట కూడా పడుతుంది. విన్నాక మనసు తేలిగ్గా ఉంటుంది. ఐదు వారాలుగా రోజూ వింటున్నాను, ఈ ఐదు వారాల్లో నడక ఒక్కరోజు కూడా లేదు.

మా ఆవిడ ఇది మోసం అంటుంది. నా ప్రశ్న ఒక్కటే. కార్డియో అంటే గుండె వేగం పెరగడమే కదా, అది పడుకున్నచోటే పెరుగుతున్నప్పుడు నడకకి బదులు దీన్ని పెట్టుకోవచ్చా? ఈ నెలాఖరుకి మళ్లీ రక్తపరీక్ష ఉంది, అందుకే టెన్షన్.


చోడంబలి | టెక్కలి

అన్నయ్యా, ఇంటర్ రిజల్ట్స్ రోజు మా గుంటడి నంబరు కొట్టి ఆ పేజీ తెరుచుకునేదాకా నా వాచీ 112 చూపించింది, నేను కుర్చీలోంచి లేవనేలేదు. ఆ లెక్కన నాకూ కార్డియో అయిపోయినట్టేనా? వదిన మాట వినండి. డాక్టరుగారికి ఈ ఆడియో సంగతి చెప్పారా లేదా?


డ్రిల్లు_మాస్టారు | నరసన్నపేట

బాబూ, నేను హైస్కూల్లో పీడీగా, అంటే డ్రిల్లు మాస్టారుగా, పనిచేసి రిటైరైనవాణ్ని. మీరు వాచీ పెట్టి చూశారు, నెంబర్లు రాశారు, అది చాలామంది చెయ్యరు. మీ వాచీ చూపించింది నిజమే. ఆ నెంబరుకి మీరు చెప్పుకున్న అర్థం దగ్గరే చిక్కు.

గుండె తనంతట తాను పరుగెత్తదు, కాళ్లు అడిగితే పరుగెత్తుతుంది. మీరు మెట్లెక్కుతున్నారనుకోండి, తొడ కండరాలకి ఆక్సిజన్ కావాలి, అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, పిక్కలు ముడుచుకున్నప్పుడల్లా కిందికి దిగిన రక్తాన్ని పైకి తోస్తాయి, గుండె గదిలోకి మామూలు కంటే ఎక్కువ రక్తం వచ్చి పడుతుంది, అదంతా గుండె మళ్లీ బయటికి కొట్టాలి. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, అంటే ఐదు లీటర్లు. గబగబా మెట్లెక్కేటప్పుడు అదే గుండె నిమిషానికి పన్నెండు, పదిహేను లీటర్లు తోడగలదు. ఇలా నెలల తరబడి చేస్తే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం కొట్టడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నటి నాళాలు కొత్తగా పుడతాయి, ఆక్సిజన్‌ని వాడుకునే మైటోకాండ్రియా పెరుగుతాయి. మనం దమ్ము అనేది దీన్నే. మీరు ఆడియో వింటున్నప్పుడు గుండె 94 కొట్టింది గానీ కాళ్లు ఏమీ అడగలేదు. ఏదో జరుగుతుందని ఎదురు చూడటం వల్లనో, తెలియకుండా ఊపిరి వేగంగా తీయడం వల్లనో కాస్త అడ్రినలిన్ పెరిగి ఉంటుంది. గేటు వాల్వు మూసేసి మోటారు ఆన్ చేసినట్టన్నమాట. మోత వినిపిస్తుంది, కరెంటు మీటరు తిరుగుతుంది, చేలోకి చుక్క నీరు రాదు.

మీకు ముఖ్యమైంది షుగరు. కండరం ముడుచుకున్నప్పుడు ఇన్సులిన్ కోసం ఆగకుండా రక్తంలోని చక్కెరని లోపలికి లాక్కుంటుంది, గ్లూట్‌4 అనే ప్రోటీన్లు కణం అంచుకి చేరి చక్కెరకి దారి ఇస్తాయి. అందుకే భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా షుగరు పెరగడం తగ్గుతుంది. కదలని కండరం ఈ పని చెయ్యదు, చెవిలో ఏం మోగినా సరే.

మీ కొట్టు గురించి చదువుతుంటే లండన్ బస్సుల సంగతి గుర్తొచ్చింది. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం ఒక విషయం బయటపెట్టారు. అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్లు రోజంతా సీట్లోనే కూర్చుంటారు, కండక్టర్లు టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగుతూనే ఉంటారు. అదే కంపెనీ, అవే బస్సులు, అయినా గుండెపోట్లు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. మనుషుల్లో వేరే తేడాలు కూడా ఉంటాయి, వాళ్లే తర్వాత వాటినీ పట్టించుకున్నారు, కానీ కదలడానికీ గుండెకీ సంబంధం మీద లోకం చూపు అక్కడి నుంచే మళ్లింది. మీ కొట్లో గద్దె మీద ఉన్నది మీరు, నిచ్చెనెక్కి చీరల కట్టలు దించేది మీ కుర్రాళ్లు. ఆలోచించండి.

ఇంకొకటి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు కుర్రాళ్లని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. ఒంట్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం నాలుగో వంతు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్లయ్యాక అదే ఐదుగురిని పిలిచి పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తీసుకుపోయిన దమ్ము ఆ మూడు వారాల మంచం తీసుకుపోయినంత కూడా లేదు. మీరు మంచం మీద లేరు, కొట్లో నాలుగడుగులు వేస్తూనే ఉంటారు, కాబట్టి భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆడియో వల్ల ఒంటికి నష్టం లేకపోవచ్చు. అది మీ నడకని తినేసింది చూడండి, ఆ ఐదు వారాలే నష్టం.

మోకాలి సంగతి. ముందు ఒకసారి ఎముకల డాక్టరుకి గానీ ఫిజియోథెరపిస్టుకి గానీ చూపించండి. సిమెంటు రోడ్డు వద్దు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులాంటి మట్టి నేల మీద, అడుగున మెత్త ఉన్న బూట్లతో, పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, కళ్లు తిరగడం ఏది వచ్చినా ఆగిపోయి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఎంత వేగంగా నడవాలో తెలియడానికి వాచీ కూడా అక్కర్లేదు, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మీ డాక్టరుగారు చెప్పిన 200 అందులోనే ఉంది.

మీ కొట్టుకి పైన గోడౌన్ ఉందా? ఉంటే ఒక పని చెయ్యండి. మోకాలు సహించిన రోజున మామూలు నడకతో పైదాకా ఎక్కి వెంటనే గుండె వేగం రాసుకోండి, నిలబడి ఒక నిమిషం ఆగి మళ్లీ రాసుకోండి. ఆ నిమిషంలో ఎంత దిగిందో అదే మీ దమ్ముకి కొలత. ఐదు వారాల ఆడియో ఏం చేసిందో అక్కడ తెలుస్తుంది.


అయ్యకోనేరు_గట్టు | విజయనగరం

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను, అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా అమ్మ పోయాక నాకు ఆరు నెలలు నిద్ర పట్టలేదు. ఇలాంటి ఆడియోలు విన్నాకే నిద్ర కుదిరింది, ఇప్పటికీ వింటున్నాను. నాకు ఒరిగింది కాబట్టి అబద్ధమని ఒప్పుకోలేను.

మనసుకీ ఒంటికీ సంబంధం లేదంటారా? 1992లో వేలు కదిలిస్తున్నట్టు ఊరికే ఊహించుకున్నవాళ్లకి కూడా ఆ వేలి బలం 22 శాతం పెరిగింది, నిజంగా కదిలించినవాళ్లకి 30 శాతం పెరిగింది. 2007లో హార్వర్డ్ వాళ్లు ఏడు హోటళ్లలో గదులు శుభ్రం చేసే 84 మంది ఆడవాళ్లని తీసుకుని, కొందరికి మీరు చేసే పనే మంచి వ్యాయామం అని చెప్పారు, నాలుగు వారాల్లో వాళ్ల బరువూ బీపీ కొంచెం తగ్గాయి. చెప్పిన మాటకే అంత జరిగితే మరి? మన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనప గొలుసులు తెంచేవారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, అది ప్రాణశక్తి కాక ఏమిటి? బొబ్బిలి వీణ మీద ఒక తీగ మీటితే మీటని తీగ కూడా పలుకుతుంది. శబ్దం అలా ముట్టుకోగలిగినప్పుడు గుండెని ముట్టుకోదా?


మైకుసెట్టు | బొబ్బిలి

అక్కా, వీణ మా ఊరిది, శబ్దం నా బతుకుతెరువు, కాబట్టి ఆ ఒక్కదానికి నేను చెప్తాను. పక్క తీగ పలికేది అది కూడా అదే శ్రుతిలో ఉంటేనే, లేదా దాని సగానికో రెట్టింపుకో కుదిరితేనే. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఒకటీ పాయింటు రెండు సార్లు. మన చెవికి వినపడేది సెకనుకి 20 సార్లు ఊగే శబ్దం నుంచి. గుండె వేగంతో శ్రుతి కలిపే స్వరం ఏ వీణ మీదా లేదు, ఏ స్పీకరూ మనకి వినిపించలేదు. పెళ్లిలో బేస్ బాక్సు ముందు నిలబడితే ఛాతీ అదురుతుంది, రోజూ ఆ బాక్సుల పక్కనే ఉంటాను, దానివల్ల నాకు దమ్ము పెరగలేదు, చెవులు మాత్రం పాడయ్యాయి.

ఇక ఫైలు సంగతి. ఆడియో ఫైలు అంటే అంకెల వరస, అంతే. సీడీ నాణ్యత ఫైలైతే ఒక్కో చెవికి సెకనుకి 44,100 అంకెలు. స్పీకరు అట్ట ఆ అంకె చెప్పినంత ముందుకీ వెనక్కీ కదులుతుంది, గాలి కదులుతుంది, మనకి వినపడుతుంది. ఆ అంకెల్లో శబ్దం తప్ప ఇంకోటి దాచే చోటు లేదు. మా దగ్గరికి పెళ్లి పని మీద వచ్చిన ఒకాయన ఇలాంటిదే తెచ్చి, ఇందులో ఏముందో చూడు బాబూ అన్నాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. ముప్పై సెకన్ల వాన చప్పుడు, అదే ముక్క మళ్లీ మళ్లీ అతికించి ఉంది, అతుకు దగ్గర ప్రతిసారీ ఒకే చోట ఒక పిట్ట కూస్తుంది. కింద ఒక శ్రుతి, మొదటి నుంచి చివరిదాకా గీత గీసినట్టు. అంతకు మించి ఏమీ లేదు. అన్నయ్యా, మీ ఫైలు కూడా ఒకసారి కళ్లు మూసుకుని ఆ పిట్టని, ఉరుముని లెక్కపెడుతూ వినండి, ఎక్కడ మళ్లీ మొదలవుతుందో మీకే దొరుకుతుంది. సౌండు తగ్గించేసినా పనిచేస్తుంది అన్నారు చూశారా, సౌండు సున్నా చేస్తే స్పీకరు అట్ట కదలదు, గాలి కదలదు. అప్పుడు పనిచేసేది ఏదైనా సరే, ఆ ఫైలు మాత్రం కాదు.

రెండు చెవులకీ వేర్వేరు శ్రుతులు పెట్టేవి కూడా వస్తున్నాయి. ఒక చెవిలో సెకనుకి 400 సార్లు, ఇంకో చెవిలో 410 సార్లు ఊగే శ్రుతి పెడితే తలలో సెకనుకి పది సార్లు కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. డోవె అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే కనిపెట్టాడు, అది నిజంగానే వినపడుతుంది. అయితే అది రెండు చెవుల సంకేతాలు మెదడులో కలిసే చోట పుట్టే అనుభవం. అక్కడి నుంచి పిక్కలదాకా ఏ తీగా లేదు.


డ్రిల్లు_మాస్టారు | నరసన్నపేట

అమ్మా, అమ్మగారు పోయిన బాధలో నిద్ర కుదిరింది అన్నారు, సంతోషం. మెల్లటి సంగీతానికి ఊపిరి నెమ్మదిస్తుంది, బీపీ కూడా కాస్త దిగుతుంది. నిద్రకి వింటానంటే నేను వద్దనను. మీరు చెప్పిన రెండు ప్రయోగాలూ నిజమైనవే, నేనూ చదివాను. అయితే చివరిదాకా చదవాలి. వేలి బలం పెరిగింది కండరం పెరిగి కాదు, మెదడు ఆ కండరానికి ఇచ్చే ఆజ్ఞ గట్టిపడి. అది బలం లెక్క, దమ్ము లెక్క వేరు. దానికి గుండె, రక్తం, కండరంలో మైటోకాండ్రియా అన్నీ మారాలి, ఊహకి అవి మారవు. హోటలు ఆడవాళ్ల సంగతి ఇంకా తేట. వాళ్లు రోజుకి సుమారు పదిహేను గదుల్లో పక్కబట్టలు మార్చి, బాత్రూములు తోమేవాళ్లు. ఒళ్లు అప్పటికే కష్టపడుతోంది, మాట దాని మీద వచ్చి చేరింది. మంచం మీద పడుకున్నవాళ్లకి ఆ మాట చెప్పలేదు కదమ్మా.

రామ్మూర్తి నాయుడు గారి పేరెత్తారు కాబట్టి నాకు మాట్లాడకుండా ఉండటం కష్టం. వీరఘట్టంలో పుట్టిన మనిషి, చిన్నప్పటి నుంచి వ్యాయామశాలలోనే పెరిగాడు, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తి చేసి మీ విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారుగా పనిచేశాడు. ప్రాణాయామం చేశాడు, నిజం. దాని కింద ఏళ్ల తరబడి గుంజీలు, దండీలు, కుస్తీ ఉన్నాయి. ఆ చెమటంతా చెరిపేసి ఊపిరి బిగించడం ఒక్కటే మిగిలిస్తే ఆయన జీవితాన్ని మనమే చిన్నది చేసినట్టు అవుతుంది. మేమందరం ఆయన పేరు చెప్పుకుని డ్రిల్లు చెప్పినవాళ్లం, అందుకే మనసు ఒప్పక రాస్తున్నాను.


గజ్జెల_మేనల్లుడు | గజపతినగరం

నేను చదువుకున్న సంగతులు చెప్పలేను గానీ కళ్లారా చూసింది ఒకటి ఉంది. మా మేనమామ తప్పెటగుళ్లు ఆడతాడు, వయసు 58. పోయిన ఏడాది మా ఊరి జాతరకి నా వాచీ తీసి ఆయన చేతికి పెట్టాను. రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, అందరూ గుండ్రంగా నిలబడ్డారు. గురువు పాట ఎత్తేముందు 76 ఉంది. మొదట నెమ్మదిగానే ఉంటుంది, వంగడం, లేవడం, తప్పెట మీద రెండు చేతులా దరువు, పాట సాగేకొద్దీ వేగం పెరుగుతుంది, ఇక అక్కడి నుంచి ఎగరడమే, ఎగురుతూ కూడా కృష్ణుడి పాట ఆపకూడదు. పన్నెండు నిమిషాలకి ఆయన పక్కకి వచ్చి నీళ్లు తాగాడు. వాచీలో 141. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. రెండు నిమిషాలకి 98కి దిగిపోయింది, మళ్లీ వెళ్లి కలిశాడు.

ఆ పాటంతా నేను ఫోనులో రికార్డు చేశాను. ఇంటికొచ్చాక వాచీ నేను పెట్టుకుని, మంచం మీద పడుకుని అదే పాట మొత్తం విన్నాను. ఒళ్లు పులకరించింది, చిన్నప్పటి నుంచి విన్న పాట కదా. నా గుండె 72 నుంచి 81 దాకా వెళ్లింది, అంతే. అదే శబ్దం, అదే పన్నెండు నిమిషాలు. మాస్టారు అన్నారు పాట పాడలేనంత వేగంగా నడవాలని, మా మావయ్య ఆ వేగంలో ఎగురుతూనే పాడతాడు, ముప్పై ఏళ్ల సాధన అది.

అన్నయ్యా, ఆ ఆడియో మీకు హుషారునిస్తే చెవిలో పెట్టుకునే నడవండి. లేదంటే నేను తప్పెటగుళ్ల రికార్డింగు పంపుతాను, ఆ దరువుకి కాలు దానంతటదే పడుతుంది, అలసట కూడా అంత తెలియదు.


బిల్లు_అడగండి | శ్రీకాకుళం

డబ్బు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. ఆ 1,999 కట్టిన రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచుకున్నారా? షుగరు, బీపీ, గుండెజబ్బు, ఊబకాయం తగ్గిస్తామని ప్రకటన ఇస్తే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 1954 వర్తించే అవకాశం ఉంది, ఆ జబ్బుల పేర్లన్నీ అందులో రాసే ఉన్నాయి, తాయెత్తులు, మంత్రాలు కూడా దాని కిందికి వస్తాయి. ముందు అమ్మినవాళ్లకి డబ్బు వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టండి, ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో కూడా మాట్లాడతారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వినోదం కోసం మాత్రమే అని రాసి ఉందేమో అది కూడా స్క్రీన్‌షాట్ తీయండి. పైన ఐదు కిలోమీటర్ల పరుగు, కింద వినోదం, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి.


అయ్యకోనేరు_గట్టు | విజయనగరం

నిద్రకి నేను వింటూనే ఉంటాను, అది నా సంగతి. నడకకి బదులు అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడి గజ్జెల పోస్టు రెండుసార్లు చదివాను. నాకూ ఆ రికార్డింగు పంపు తమ్ముడూ, కోనేరు గట్టు చుట్టూ తిరుగుతూ వింటాను.


జీటీరోడ్డు_కొట్టు | శ్రీకాకుళం

అందరికీ దండాలు. మాస్టారు చెప్పినట్టే చేశాను. మా గోడౌన్ మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పైకెక్కగానే 147, నిమిషం ఆగాక 134. రెండో అంతస్తు దగ్గరే గోడ పట్టుకోవాల్సి వచ్చింది, మా కుర్రాడు చీరల మూట భుజాన వేసుకుని నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. వాన చప్పుడులో పిట్ట లేదు గానీ ఉరుము ఉంది, 48 సెకన్లకొకసారి అదే ఉరుము. ఐదు వారాలు విన్నాను, ఒక్కసారి కూడా గమనించలేదు. చాలా బాధేసింది. మోకాలు చూపించుకుని రేపటి నుంచి మొదలుపెడతాను.


జీటీరోడ్డు_కొట్టు | శ్రీకాకుళం

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, ఇదే ప్రశ్న వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుందని. ఏప్రిల్ నెలాఖరు పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది, పెరిగింది. డాక్టరుగారికి ఆడియో సంగతి మొత్తం చెప్పాను, తిట్టలేదు, ఇంకో మూడు నెలలు చూద్దాం అన్నారు. మోకాలికి ఫిజియోథెరపీ పది రోజులు, ఇంట్లో చేసుకోమని తొడ కండరాలకి రెండు కసరత్తులు ఇచ్చారు, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని నొక్కడం ఒకటి, కాలు చాచి పైకెత్తి పట్టుకోవడం ఒకటి. నొప్పి చాలావరకు పోయింది.

తెల్లవారుజామున లేవడం నావల్ల కాదని తేలిపోయింది, అందుకే టైము మార్చాను. పొద్దున్న ఏడింటికి అరసవల్లి దాకా, ఆదివారం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో, మధ్యాహ్నం భోజనం అయ్యాక పడుకోకుండా పదిహేను నిమిషాలు మా వీధిలోనే. ఏడింటికైతే కుక్కల బెడద కూడా లేదు. ఎండ ముదిరిన మే నెలలో వారానికి మూడు నాలుగు రోజులే కుదిరింది, ఆషాఢం బేరాల్లో ఒక వారం పూర్తిగా పోయింది, అబద్ధం చెప్పను. చెవిలో తప్పెటగుళ్లు. తమ్ముడూ, మీ మావయ్యకి నా నమస్కారాలు చెప్పు, ఆయన గొంతు ఎత్తే చోట నా కాలు నిజంగానే జోరందుకుంటుంది.

నిన్నటి పరీక్షలో 6.0, బీపీ 130/84. బరువు మూడు కిలోలే తగ్గింది. గోడౌన్ మెట్లు ఎక్కగానే 133, నిమిషానికి 107. గోడ పట్టుకోలేదు. చీరల మూట ఒకటి నేనూ మోశాను. డబ్బు వెనక్కి ఇమ్మని రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు రాలేదు, ఈ వారం 1915కి చేస్తాను.

మా తోడల్లుడు ఇంకా వింటున్నాడు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను, వాళ్ల అపార్టుమెంటు నాలుగంతస్తులు, వాచీ కూడా తీసుకెళ్తున్నాను.

మాస్టారూ, ఒక్క మాట. మా ఆవిడ కూడా రేపటి నుంచి వస్తానంటోంది. ఆవిడకి పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమ పొడుస్తుంది, నాలుగడుగులు వేశాక తగ్గుతుంది. ముందు ఎవరికి చూపించాలి, ఎలాంటి బూట్లు కొనాలి?